స్కానరా, పెన్‌టెస్టా, బగ్ బౌంటీయా? చిన్న టీము ముందు దేనికి ఖర్చు పెట్టాలి

2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో పెద్ద లోపం ఒకటి బయటపడింది. దాన్ని పూడ్చే అప్‌డేట్, అంటే ప్యాచ్ కూడా అప్పుడే వచ్చింది. అమెరికాలో జనం అప్పుల చరిత్రను భద్రపరిచే ఈక్విఫాక్స్ కంపెనీ రెండు రోజుల్లోనే నాలుగు వందల మందికి పైగా సిబ్బందికి మెయిల్ పంపింది. ఇలాంటి ప్యాచ్ 48 గంటల్లో వేసెయ్యాలన్నది అక్కడి నియమం. మార్చి 15న లోపాలను వెతికే స్కానర్ కూడా నడిపారు. ఎక్కడా ఏమీ లేదని స్కానర్ చెప్పింది.

కానీ ఉంది. తమ రికార్డుల్లో తప్పులుంటే జనం ఫిర్యాదు చేసుకునే పాత పోర్టల్ ఒకటి ఆ లోపంతోనే నడుస్తోంది. మే నెల మధ్యలో దొంగలు అక్కడే కన్నం వేశారు. జూలై చివరిదాకా లోపలే తిరిగారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

వాళ్లకు హెచ్చరిక అందింది, నియమం ఉంది, స్కానర్ కూడా ఉంది. ఏ సర్వర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో చెప్పే సరైన జాబితా మాత్రం లేదు. "ఏ టూల్ కొనమంటారు?" అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. భద్రతా లోపాలను వెతికే పద్ధతులు అరడజను దాకా ఉన్నాయి: తనంతట తానే వెతికే స్కానర్, మనిషి దొంగలాగా దూరి చూసే పెన్‌టెస్ట్, లోపం చెప్పిన బయటివాళ్లకు బహుమతి ఇచ్చే బగ్ బౌంటీ లాంటివి. ఒక్కో పద్ధతికి ఒక రకం కన్నం బాగా కనబడుతుంది, ఇంకో రకం అసలు కనబడదు. కాబట్టి పద్ధతుల్లో ఏది గొప్పది అని పోల్చి లాభం లేదు. మీ దగ్గర ఏ రకం కన్నం ఉండే అవకాశం ఎక్కువ, దొరికినవాటిని పూడ్చడానికి మీకు ఎంతమంది మనుషులున్నారు అనే రెండు ప్రశ్నలతో పోల్చాలి.

ఇది రాస్తున్నది ఐదారుగురు డెవలపర్లతో ఒక వెబ్‌సైటో, యాపో నడుపుతున్నవాళ్ల కోసం. చిన్న కంపెనీ కావచ్చు, కాలేజీ, ఆసుపత్రి, సహకార సంఘం ఏదైనా కావచ్చు. భద్రత కోసమని విడిగా ఒక మనిషిని పెట్టుకునే స్తోమత లేనివాళ్లన్నమాట.

అన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేనిది

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. మీకున్న ప్రతి డొమైన్, సబ్‌డొమైన్, సర్వర్, డేటాబేస్, యాప్ అందులో రాయండి. ప్రతిదాని పక్కన మూడు గడులు ఉండాలి: అది ఇంటర్నెట్ నుంచి కనబడుతుందా, దాంట్లో ఎవరి డేటా ఉంది, దానికి బాధ్యుడు ఎవరు. మూడో గడిలో "టీము" అని రాయకండి, మనిషి పేరు రాయండి. టీము పేరు రాసిన చోట ప్యాచ్ పడదని నేను చాలాసార్లు చూశాను.

ఈ పని చేస్తున్నప్పుడే సగం ప్రమాదాలు బయటపడతాయి. రెండేళ్ల కిందట డెమో కోసం పెట్టి మరిచిపోయిన సర్వర్, ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్లు, అసలు డేటానే కాపీ చేసిపెట్టిన టెస్ట్ డేటాబేస్ లాంటివి. వీటికి ప్యాచ్ అక్కర్లేదు, తీసేస్తే సరి. లేని సర్వర్‌లోకి ఎవరూ దూరలేరు.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌షెల్ అనే లోపం బయటపడినప్పుడు ఈ జాబితా విలువ ప్రపంచమంతటికీ తెలిసొచ్చింది. అది లాగ్‌ఫోర్‌జేలో ఉంది. లాగ్‌ఫోర్‌జే అనేది జావా ప్రోగ్రాములు తమ లాగ్‌లు, అంటే జరిగినవాటి చిట్టా, రాసుకోవడానికి తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ. లాగిన్ పేజీలో పేరు రాసే గడిలో ఒక ప్రత్యేకమైన అక్షరాల వరుస టైపు చేసి పంపితే చాలు. దాన్ని లాగ్‌లో రాసుకునే క్షణంలోనే సర్వర్ బయటినుంచి కోడ్ తెచ్చుకుని నడిపేసేది. తీవ్రత పదికి పది. చైనాలో అలీబాబా క్లౌడ్ భద్రతా విభాగంలో పనిచేసే చెన్ జావోజున్ నవంబరు 24న ఆ లైబ్రరీని చూసుకునే అపాచీ వాళ్లకు దీన్ని తెలియజేశారు. బయటికి పొక్కాక ఊరూరా ఐటీ విభాగాల ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: "మన దగ్గర ఇది ఉందా?" జావా కోడ్‌ను మూటగట్టే జార్ ఫైల్ లోపల ఇంకో జార్ ఫైల్, దాని లోపల లాగ్‌ఫోర్‌జే. తాము రాసిన కోడ్‌లో ఎక్కడా ఆ పేరే లేదని చాలామంది ధైర్యంగా ఉన్నారు. వాళ్లు కొన్న సాఫ్ట్‌వేర్ కడుపులో ఉంది.

లోపలినుంచి చూసేది, బయటినుంచి చూసేది

ఆటోమేటిక్ తనిఖీల్లో రెండు రకాలున్నాయి. రెంటినీ కలిపి "స్కానింగ్" అనేస్తాం గానీ, అవి చూసే తీరు వేరు.

మొదటిది డిపెండెన్సీ తనిఖీ. మీ ప్రాజెక్టులో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో చదివి, వాటిలో బయటపడ్డ లోపాలతో సరిచూస్తుంది. గిట్‌హబ్‌లో కోడ్ పెట్టేవాళ్లకు డిపెండాబాట్ ఉచితం. కంటైనర్లు వాడేవాళ్లకు ట్రివీ బాగుంటుంది. గూగుల్ విడుదల చేసిన ఓఎస్‌వీ-స్కానర్ చాలా భాషల ప్రాజెక్టులను చదవగలదు. అరపూట పెడితే వీటిలో ఏదో ఒకటి పని మొదలుపెడుతుంది. మనం రాసిన కోడ్ కంటే తెచ్చుకున్న కోడ్ చాలా ఎక్కువ ఉండే ఈ రోజుల్లో, పెట్టిన శ్రమకు దీనంత ఫలితమిచ్చేది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఇబ్బంది ఒకటే. మొదటి రోజు రెండు వందల హెచ్చరికలు వచ్చిపడతాయి, రెండో రోజునుంచి ఎవరూ చూడరు. దీనికి విరుగుడు కిందికొచ్చాక చెబుతాను.

రెండోది బయటినుంచి తట్టి చూసే స్కానర్. సర్వర్లకు నెస్సస్, ఓపెన్‌వాస్. వెబ్ పేజీలకు జాప్, న్యూక్లీ లాంటివి. నెస్సస్ పూర్తి వెర్షన్‌కు ఏటా లైసెన్సు కట్టాలి. మిగతా మూడూ ఓపెన్ సోర్సు. తెరిచి ఉన్న పోర్టులు, గడువు తీరిన సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన అడ్మిన్ పేజీలు, బ్యాకప్ ఫైళ్లు ఇవి బాగా పట్టుకుంటాయి. డిపెండెన్సీ తనిఖీకి ఇవేవీ కనబడవు.

స్కానర్ వాడేటప్పుడు ఒక్క సెట్టింగ్ మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది: దానికి లాగిన్ ఇచ్చారా లేదా. లాగిన్ లేకుండా వెబ్ స్కానర్ నడిపితే దానికి కనబడేది మీ లాగిన్ పేజీ ఒక్కటే. లోపల వంద పేజీలున్నా "అంతా బాగుంది" అని రిపోర్టు ఇస్తుంది. ఎవరైనా మీకు స్కాన్ రిపోర్టు చూపిస్తే మొదట అడగాల్సింది, ఎన్ని లోపాలు దొరికాయని కాదు, ఎన్ని పేజీలు చూసిందని.

ఇంకో చిక్కు కూడా ఉంది, తెలియక చాలామంది రోజులు పోగొట్టుకుంటారు. స్కానర్ తరచుగా వెర్షన్ నంబరు చూసి తీర్పు చెబుతుంది. కానీ రెడ్ హ్యాట్, డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్‌లు పాత వెర్షన్‌ను అలాగే ఉంచి ప్యాచ్‌ను మాత్రం వెనక్కి తెచ్చి అతికిస్తాయి. 2014లో సైట్ల రాకపోకలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, దాన్ని తయారుచేసేవాళ్లు 1.0.1జీ వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. రెడ్ హ్యాట్ 6 వాడేవాళ్లకు మాత్రం సరిచేసిన ప్యాకేజీ పేరులో 1.0.1ఈ అనే ఉంది. నంబరు చూస్తే లోపం ఉన్నట్టే, నిజానికి లేదు. అందుకే సర్వర్ లోపలికి లాగిన్ అయి ప్యాకేజీల జాబితా చదివే స్కాన్‌నే నమ్మండి. బయటినుంచి నంబరు చూసి ఇచ్చిన ఎర్ర రంగు రిపోర్టు పట్టుకుని సిస్టమ్ అడ్మిన్‌ను దులిపెయ్యకండి.

ఈ రెండింటిలో ఒక్కటే పెట్టుకోగలమంటే డిపెండెన్సీ తనిఖీతో మొదలుపెట్టమంటాను. మీ సర్వర్లను మీరే నడుపుకుంటున్నట్టయితే మాత్రం, క్లౌడ్ వాళ్లకు వదిలెయ్యకుండా, రెండూ మొదటి నెలలోనే ఉండాలి.

మనం రాసిన కోడ్ సంగతి

తెచ్చుకున్న లైబ్రరీలు శుభ్రంగా ఉన్నా, మన చేతులతో రాసిన కోడ్‌లో ఏముందో వాటికి తెలియదు. దానికి కోడ్‌ను చదివే టూల్స్ ఉన్నాయి: సెమ్‌గ్రెప్, కోడ్‌క్యూఎల్, పైథాన్‌కైతే బ్యాండిట్. యూజర్ టైపు చేసినదాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో, అంటే డేటాబేస్‌ను అడిగే క్వెరీలో, అతికించిన చోట్లు ఇవి ఇట్టే చూపిస్తాయి. అలాంటివి దొరికినప్పుడు కొటేషన్ గుర్తులను వడకట్టే ప్రయత్నం చేయకండి, పారామీటర్ల ద్వారా విలువలు పంపేలా ఆ క్వెరీనే తిరగరాయండి. వడకట్టడం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

కోడ్‌క్యూఎల్ బయటికి కనబడే ఓపెన్ ప్రాజెక్టులకే ఉచితం, ప్రైవేటు కోడ్‌కు డబ్బు కట్టాలి. సెమ్‌గ్రెప్ కమ్యూనిటీ వెర్షన్ చిన్న టీముకు చాలు. పాత కోడ్ మొత్తం మీద మొదటిరోజే నడపకండి. కొత్తగా రాసిన మార్పుల మీద మాత్రమే నడిచేలా పెట్టండి. రాసినవాడికి రాసింది గుర్తున్నప్పుడే హెచ్చరిక వస్తే అక్కడికక్కడే సరిచేస్తాడు.

దీంతోపాటే గిట్‌లీక్స్ ఒక్కసారి నడపండి. కోడ్‌లో ప్రతి మార్పునూ దాచే గిట్ చరిత్రలో ఎప్పుడో ఎవరో పెట్టిన పాస్‌వర్డులు, క్లౌడ్ కీలు తేలతాయి. తేలిన కీని ఫైల్ నుంచి చెరిపేస్తే సరిపోదు, చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. మా దగ్గరికి వచ్చిన పనుల్లో ఒక్క గంటలో అతి పెద్ద ప్రమాదం తప్పింది ఇలాంటి సందర్భాల్లోనే.

ఫజ్జింగ్ గురించి కూడా కొందరు అడుగుతారు. ప్రోగ్రామ్‌కు లక్షల కొద్దీ అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు పంపి ఎక్కడ కూలుతుందో చూసే పద్ధతి అది. సీ, సీ ప్లస్ ప్లస్‌లో ఫైళ్లనో, వీడియోలనో, నెట్‌వర్క్ ప్యాకెట్లనో చదివే కోడ్ రాసేవాళ్లకు దానికి మించింది లేదు. గూగుల్ 2016లో మొదలుపెట్టిన ఓఎస్‌ఎస్-ఫజ్ ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల్లో వేల లోపాలు పట్టింది. మీరు పీహెచ్‌పీలోనో, నోడ్‌లోనో ఫారాలు నింపించే సైటు నడుపుతుంటే మాత్రం ఇప్పటికి దాన్ని పక్కన పెట్టండి.

మనిషి మాత్రమే చూడగలిగేది

కొన్నేళ్ల కిందట ఒక విద్యాసంస్థ ఫీజుల పోర్టల్ చూడమని మాకు అప్పగించారు. అప్పటికే వాళ్ల దగ్గర నలభై పేజీల స్కానర్ రిపోర్టు ఉంది. అన్నీ హెడర్ల గురించి, కుకీల గురించి. వాటిలో చాలావరకు సరిచేశారు కూడా. నేను ఒక విద్యార్థి లాగిన్‌తో లోపలికెళ్లి రసీదు తెరిచాను. అడ్రసు చివర ఒక నంబరు ఉంది. దాన్ని ఒకటి పెంచాను. వేరే పిల్లవాడి రసీదు వచ్చింది, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామాతో సహా. ఇంకొకటి పెంచాను, ఇంకొకరిది. సుమారు పది నిమిషాలు నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆ రసీదుల్లో చిరునామాలున్న ఆడపిల్లల గురించే ఆలోచన.

స్కానర్ దృష్టిలో ఆ పేజీకి ఏ రోగమూ లేదు. పేజీ అడిగారు, పేజీ వచ్చింది. ఆ రసీదు ఈ మనిషిది కాదు అనే జ్ఞానం స్కానర్‌కు ఎక్కడినుంచి వస్తుంది? యాక్సెస్ కంట్రోల్ లోపాలంటే ఇవే. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన మొదటి పది ప్రమాదాల జాబితాలో వీటిదే మొదటి స్థానం. వ్యాపార నియమాల్లో ఉండే కన్నాలు కూడా ఈ కోవలోవే: కూపన్‌ను రెండుసార్లు వాడుకోగలగడం, పరిమాణం గడిలో మైనస్ అంకె పెట్టి బిల్లు తగ్గించుకోవడం, ఓటీపీని ఎన్నిసార్లయినా ప్రయత్నించగలగడం.

ఓటీపీ అంటే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2019లో చెన్నైకి చెందిన లక్ష్మణ్ ముత్తయ్య ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చే పద్ధతిని పరిశీలించారు. ఆరు అంకెల కోడ్, అంటే పది లక్షల అవకాశాలు, పది నిమిషాల గడువు. ఒకే చోటినుంచి ఎక్కువసార్లు ప్రయత్నిస్తే ఇన్‌స్టాగ్రామ్ ఆపేస్తుంది. ఆయన వెయ్యి ఐపీ అడ్రసులనుంచి ఒకేసారి రెండు లక్షల ప్రయత్నాలు పంపి, అడ్డు పడదని చూపించారు. ఫేస్‌బుక్ ఆయనకు 30,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. అక్కడ అడ్డుకట్ట ఉంది, కానీ ఐపీ అడ్రసును లెక్కపెడుతోంది, ఖాతాను లెక్కపెట్టడం లేదు. ఈ తేడాను పట్టుకోవడానికి మనిషి బుర్ర కావాలి.

అందుకే పెన్‌టెస్ట్. మన దగ్గర దీన్ని వీఏపీటీ అని కూడా అంటారు. అసలు చిక్కంతా ఈ పేరులోనే ఉంది. వీఏ అంటే స్కానర్ నడపడం, పీటీ అంటే మనిషి కూర్చుని దూరడానికి ప్రయత్నించడం. తక్కువ ధరకు వీఏపీటీ చేస్తామనేవాళ్లలో చాలామంది మొదటిది చేసి రెండోదాని బిల్లు వేస్తారు. ఎవరిని ఎంచుకోవాలన్నదానికి నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఇంతకుముందు చేసిన రిపోర్టు ఒకటి, పేర్లు చెరిపేసి, చూపిస్తారా? అందులో పైన చెప్పిన రసీదు లాంటి లోపం ఒక్కటైనా లేకపోతే వాళ్లు స్కానర్ నడిపేవాళ్లే. మా పని మీద కూర్చునే మనిషి ఎవరు, ఎన్ని రోజులు? మేం సరిచేశాక మళ్లీ పరీక్షించడం ఈ ధరలోనే ఉందా? చివరి ప్రశ్నకు "లేదు" అన్నవాళ్లతో నేనైతే ఒప్పందం చేసుకోను.

బ్లాక్ బాక్స్ పరీక్షా, గ్రే బాక్స్ పరీక్షా అని కూడా అడుగుతారు. ఏమీ చెప్పకుండా బయటి దొంగలాగా ప్రయత్నించమనడం బ్లాక్ బాక్స్. లాగిన్లు, కుదిరితే కోడ్ కూడా ఇచ్చి వెతకమనడం గ్రే బాక్స్, వైట్ బాక్స్. వినడానికి మొదటిదే అసలైన పరీక్షలాగా ఉంటుంది. కానీ మీరు కొన్నది ఐదు రోజుల సమయమైతే, అందులో మూడు రోజులు మీ సైటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికే పోతాయి. దొంగకు ఐదు రోజుల గడువేమీ లేదు. చిన్న బడ్జెట్ ఉన్నవాళ్లు దాపరికం లేకుండా అన్నీ ఇచ్చెయ్యాలి. ప్రతి హోదాకు రెండేసి ఖాతాలు ఇవ్వండి, ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు అకౌంటెంట్లు అన్నట్టు. ఒకరి డేటా ఇంకొకరికి కనబడుతోందా అన్నది అలాగే తేలుతుంది.

ప్రభుత్వ శాఖలకు పనిచేసేవాళ్లకు ఎంపిక తక్కువ. కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిట్ సంస్థల జాబితా ఉంటుంది, వాటిలో ఒకదానితో చేయించి "హోస్ట్ చేయడానికి సురక్షితం" అనే సర్టిఫికెట్ తేవాలని అడుగుతారు. తేవాల్సిందే. అయితే ఆ సర్టిఫికెట్ పరీక్షించిన వెర్షన్‌కు మాత్రమే చెల్లుతుంది. మరుసటి వారం మీరు కొత్త ఫీచర్ పెడితే దాని సంగతి ఆ కాగితానికి తెలియదు.

ఇంకో మాట. ఎవరు పరీక్షించినా రాతపూర్వక అనుమతి ఉండాలి, ఏ అడ్రసులు, ఏ తేదీలు అన్నవి అందులో రాయాలి. మన ఐటీ చట్టంలో 43వ సెక్షన్ కింద అనుమతి లేని ప్రవేశానికి పరిహారం కట్టాల్సి రావచ్చు, అది మోసంతోనో, దురుద్దేశంతోనో చేసిందైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. స్నేహితుడే కదా చూసిపెట్టమంటే సరిపోతుందనుకుని ఆ కుర్రవాణ్ని ఇబ్బందిలో పడెయ్యకండి.

బగ్ బౌంటీ ఎప్పుడు

2016లో అమెరికా రక్షణ శాఖ "హ్యాక్ ద పెంటగాన్" అని ఒక ప్రయోగం చేసింది. సుమారు 1,400 మంది నమోదు చేసుకున్నారు, 138 నిజమైన లోపాలు దొరికాయి. ఖర్చు మొత్తం లక్షన్నర డాలర్లు, అందులో సగమే బహుమతులు. ఈ లెక్క చూసి చిన్న కంపెనీలు కూడా ఉబలాటపడతాయి. వచ్చిన వందల రిపోర్టులను చదివి, నిజమైనవి ఏరి, ఒకేదాన్ని నలుగురు పంపితే మొదటివాడెవరో తేల్చి, జవాబులు రాయడానికి అక్కడ మనుషులున్నారు. మీ ఐదుగురు డెవలపర్లు ఆ పనిలో పడితే అసలు పని ఆగిపోతుంది. పైగా పెన్‌టెస్ట్ చేయించకుండా బౌంటీ తెరిస్తే, ఒక్క రోజులో ఎవరైనా కనిపెట్టే లోపాలకే బహుమతులన్నీ ఖర్చవుతాయి.

దానికి బదులు ఇవాళే చేయగలిగింది ఒకటుంది. బహుమతి లేని స్వాగతం. మీ సైటులో సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైల్ పెట్టండి. దాన్ని ఎక్కడ, ఎలా పెట్టాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణం 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9116 అనే పేరుతో వచ్చింది. లోపం కనబడితే ఎవరికి రాయాలో అందులో ఉంటుంది. మంచి మనసుతో వెతికి చెప్పినవాళ్ల మీద కేసు పెట్టబోమని ఒక పేజీలో హామీ ఇవ్వండి. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్లో ఈ విద్య మీద నిజమైన ఆసక్తి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు లోపం పంపినప్పుడు రెండు రోజుల్లో జవాబు, సరిచేశాక ఒక ధన్యవాదం, పేరు వేసుకోవచ్చా అని ఒక మాట. డబ్బు లేకపోయినా దీనికే ఎంతో సంతోషిస్తారు. బెదిరించి పంపితే తర్వాత ఎవరూ మీకు చెప్పరు.

బౌంటీ సంగతి రెండో ఏడాదిలో చూద్దాం.

దొరికాయి సరే, ముందు ఏది సరిచేయాలి

ఆ రెండు వందల హెచ్చరికల దగ్గరికి వద్దాం. బయటపడ్డ ప్రతి లోపానికీ సీవీఈ అనే నంబరు ఇస్తారు. 2024 ఒక్క ఏడాదిలోనే 40 వేలకు పైగా సీవీఈలు నమోదయ్యాయి. అన్నీ సరిచేయడం ఎవరి వల్లా కాదు. వరుస నిర్ణయించడానికి మూడు కొలతలున్నాయి.

సీవీఎస్‌ఎస్ స్కోరు లోపం ఎంత తీవ్రమో సున్నా నుంచి పది దాకా చెబుతుంది. అందరూ దీన్నే పట్టుకుంటారు. కానీ హార్ట్‌బ్లీడ్‌కు ఆనాటి లెక్కలో వచ్చిన స్కోరు 5.0, అంటే మధ్యస్థం. సర్వర్ మెమరీ నుంచి పాస్‌వర్డులు, రహస్య కీలు కారిపోయే లోపానికి! తొమ్మిదికి పైన ఉన్నవే సరిచేస్తాం అనే నియమం పెట్టుకున్నవాళ్లు దాన్ని వదిలేసేవాళ్లే. రెండోది ఈపీఎస్‌ఎస్. వచ్చే 30 రోజుల్లో ఈ లోపాన్ని ఎవరైనా వాడే అవకాశం ఎంత అని అంచనా కడుతుంది. మూడోది అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబరులో మొదలుపెట్టిన కెవ్ జాబితా. దొంగలు నిజంగా వాడుతున్నారని రుజువైన లోపాలే అందులో చేరుస్తారు. వేల సీవీఈల్లో అది చిన్న ముక్క.

నా వరుస ఇది. కెవ్‌లో ఉండి, ఇంటర్నెట్‌కు కనబడే సర్వర్‌లో ఉంటే చేతిలో పని ఆపి దాన్ని చూడాలి, రెండు రోజులు దాటకూడదు. కెవ్‌లో లేకపోయినా ఈపీఎస్‌ఎస్ ఎక్కువగా ఉంటే ఆ వారంలో. మిగతావి నెలకోసారి కట్టగట్టి. సీవీఎస్‌ఎస్‌ను ఒకే గుంపులో ఉన్నవాటిలో ముందూవెనకా తేల్చడానికే వాడతాను. మీ సొంత కోడ్‌లో దొరికిన రసీదు లాంటి లోపాలకు సీవీఈ ఉండదు, ఏ జాబితాలోనూ రావు. వాటిని నేను ఎప్పుడూ మొదటి వరసలోనే పెడతాను.

వెంటనే ప్యాచ్ వెయ్యాలా, పరీక్షించి వెయ్యాలా అన్నదాని మీద రెండు వర్గాలు ఎప్పుడూ వాదించుకుంటూనే ఉంటాయి. ఇద్దరి చేతిలోనూ సాక్ష్యం ఉంది. విండోస్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. 59 రోజుల తర్వాత, మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై అనే వైరస్ అదే దారిలో వచ్చి, ప్రపంచమంతటా ప్యాచ్ వేయని కంప్యూటర్లకు తాళం వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కాయి. రెండో వైపు, 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒకేసారి కూలాయి. విమానాలు ఆగాయి.

చిన్న టీముకు మధ్యదారి సులభం. ముందు ఒక టెస్ట్ సర్వర్, కొన్ని గంటలకు ఒక అసలు సర్వర్, మర్నాటికి మిగతావన్నీ. వెనక్కి తిప్పే దారి ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. రెండు నష్టాల్లో నాకు ఎక్కువ భయం మొదటిదే. చెడ్డ అప్‌డేట్‌తో ఒక రోజు పోతుంది, దొంగ ఎత్తుకెళ్లిన డేటా మళ్లీ వెనక్కి రాదు.

ప్యాచ్ వెయ్యడం కుదరనప్పుడు ముందు ఫైర్‌వాల్ నియమం పెట్టి అడ్డుకోవచ్చు. అది కట్టు కట్టడం లాంటిది, ఆపరేషన్ కాదు. లాగ్‌ఫోర్‌షెల్ అప్పుడు ఆ అక్షరాల వరుసను పట్టుకునే నియమాలు పెట్టిన గంటల్లోనే అక్షరాలు అటూఇటూ మార్చి వాటిని తప్పించుకున్నారు. అలాంటి నియమం పెట్టిన రోజే దాని పక్కన తీసేసే తేదీ కూడా రాసుకోండి. సరిచేశాక మళ్లీ పరీక్షించడమూ మరవకండి. లాగ్‌ఫోర్‌జేకు 2.15 వచ్చింది, చాలలేదు. 2.16, 2.17, 2.17.1 అంటూ ఆ డిసెంబరు ముగిసేలోగా నాలుగు విడుదలలు అయ్యాయి.

రసీదు లోపాన్ని ఆ సంస్థ వాళ్లు మొదట ఆ ఒక్క పేజీలోనే సరిచేశారు. మార్కుల పేజీలో, హాల్‌టికెట్ పేజీలో అదే తప్పు ఉంది. చివరికి "ఈ రికార్డు ఈ మనిషిదేనా" అనే తనిఖీని ప్రతి పేజీకీ ముందే ఒకేచోట జరిగేలా మార్చారు. రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత కొత్త పేజీ రాసినవాళ్లు మరిచిపోయినా కన్నం పడదు.

ఇంకో జాగ్రత్త ఉంది. పెద్ద లోపం దొరికిన వెంటనే ప్యాచ్ వేసి ఊపిరి పీల్చుకోవడం అందరూ చేసే పని. మీకంటే ముందు ఇంకెవరికైనా దొరికిందేమో లాగ్‌లలో చూడండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, చొరబాటు జరిగినట్టు గమనిస్తే 6 గంటల్లో తెలియజేయాలి. లాగ్‌లే లేకపోతే చొరబాటు జరిగిందో లేదో చెప్పలేరు, అప్పుడు డేటా మొత్తం పోయిందనే అనుకోవాల్సి వస్తుంది.

మీ పరిస్థితినిబట్టి

ఒక్క వర్డ్‌ప్రెస్ దుకాణం నడిపేవాళ్లు పైవన్నీ చదివి కంగారు పడక్కర్లేదు. ప్లగిన్లకు ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టండి, వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి అది లోపలే ఉంది. వాడని ప్లగిన్లను ఆపడం కాదు, తీసెయ్యండి. అడ్మిన్ లాగిన్‌కు పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటి రెండో అంచె పెట్టండి. బ్యాకప్‌ను ఇంకోచోట దాచి, ఒకసారి తిరిగి తెచ్చి చూడండి. పెన్‌టెస్ట్ డబ్బు మీకు దండగ.

సొంత కోడ్ రాసే ఐదారుగురి టీముకు నా వరుస: మొదటి నెలలో జాబితా, డిపెండెన్సీ తనిఖీ, గిట్‌లీక్స్, సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ. రెండో నెలలో లాగిన్ ఇచ్చిన స్కాన్, కొత్త కోడ్ మీద సెమ్‌గ్రెప్. దొరికినవి తుడిచాక, మూడో నెలలో పెన్‌టెస్ట్. ఈ వరుసలో పెన్‌టెస్ట్‌ను ముందుకు తేవద్దని గట్టిగా చెబుతాను. స్కానర్ ఉచితంగా చెప్పేవాటిని చెప్పడానికి ఆ నిపుణుడి రోజులు ఖర్చు కాకూడదు. ఏడాదికి ఒక్కదానికే డబ్బుందంటే ఆ డబ్బు మళ్లీ పరీక్షించే ఒప్పందంతో చేసే పెన్‌టెస్ట్‌కే పెట్టండి.

రోగుల రికార్డులు, పిల్లల వివరాలు, డబ్బు లావాదేవీలు ఉన్నవాళ్లకు ఒకే ఒక్క మినహాయింపు. లాగిన్, ఫీజు, రికార్డు చూపించే పేజీల మీద రెండు రోజుల మనిషి పరీక్ష మొదటి నెలలోనే చేయించండి, మిగతావి తర్వాత. అదీ కుదరకపోతే ఇవాళ సాయంత్రం మీ టీములో ఇద్దరు రెండు ఖాతాలతో పక్కపక్కన కూర్చోండి. ఒకరి స్క్రీన్ మీది అడ్రసు కాపీ చేసి ఇంకొకరి బ్రౌజర్‌లో పెట్టి చూడండి. ప్రతి పేజీకీ. మధ్యలో మీ సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీలో రాసిన అడ్రసుకు బయటి మెయిల్ నుంచి ఒక ఉత్తరం పంపి, దాన్ని ఎవరు, ఎన్ని గంటలకు తెరిచారో కూడా రాసుకోండి.